మామిడి తోటలో పడ్డ బయో బుల్లెట్లు కరుగుతాయా?

ప్రశ్న: అక్కా, నేను బెంగళూరు మారతహళ్ళిలో ఉంటా, సాఫ్ట్‌వేర్ జాబ్. ఆఫీస్ ఫ్రెండ్స్ ఎనిమిది మందిమి నెలకి రెండు ఆదివారాలు హోసకోట దాటాక ఒక ఫ్రెండ్ వాళ్ళ పెదనాన్న గారి మామిడి తోటలో ఎయిర్‌సాఫ్ట్ ఆడతాం, అంటే బొమ్మ గన్లతో చిన్న ప్లాస్టిక్ గోళీలు ఒకరి మీద ఒకరు కాల్చుకునే ఆట. వెళ్ళిన ప్రతిసారీ 0.20 గ్రాముల పెల్లెట్లు, అంటే ఆ గోళీలు, కేజీ ప్యాకెట్లు రెండు అయిపోతాయి. ప్యాకెట్ మీద ఆకు బొమ్మ, "100% బయోడీగ్రేడబుల్" అని ఉంది, అందుకే పెద్దాయన అడిగినప్పుడు ఒక్క వానాకాలం పోతే కరిగిపోతాయి అని ధైర్యంగా చెప్పేశాం. మొన్న ఆయన ఒక చెట్టు పాదు తవ్వుతుంటే పోయినేడాదివి గుప్పెడు బయటపడ్డాయి, కొత్తవాటిలాగే ఉన్నాయి. చేతిలో పోసుకుని "ఇవేనా నాయనా కరిగేవి" అన్నారు. మాకు నోట మాట రాలేదు. అసలు ఇవి కరుగుతాయా లేదా? పడినవాటిని ఏం చెయ్యాలి? ఆట మానెయ్యాలా? నీళ్ళలో ఉబ్బే జెల్ బాల్స్‌కి మారితే బెటరా? పెద్దాయనకి ఏం చెప్పాలి?

జవాబు:

తమ్ముడూ, నాన్చకుండా చెప్పేస్తా, ఆ తోట మట్టిలో అవి ఒక వానాకాలంలో కరగవు, రెండు వానాకాలాల్లో కూడా కరగవు, ఏళ్ళు పడుతుంది. ప్యాకెట్ మీద రాసింది పచ్చి అబద్ధం అని కూడా అనలేను, అదే ఇక్కడ చిక్కు. వాడు రాసింది ఒక చోటి గురించి, మీరు కాల్చింది ఇంకో చోట.

బయో పెల్లెట్లు ఎక్కువగా పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, పూర్తి పేరు పాలీ లాక్టిక్ యాసిడ్. మొక్కజొన్న పిండి నుంచో చెరకు నుంచో చక్కెర తీసి, దాన్ని పులియబెట్టి లాక్టిక్ యాసిడ్ చేసి, ఆ యాసిడ్‌ని పొడుగాటి గొలుసులా కలిపితే వచ్చేది పీఎల్ఏ. మొక్క నుంచి వచ్చింది కాబట్టి మట్టిలో కలిసిపోతుందిలే అని జనం అనుకుంటారు కానీ ఎక్కడి నుంచి వచ్చిందీ అన్నది వేరు, ఎలా విరుగుతుందీ అన్నది వేరు. పీఎల్ఏ గొలుసు అంత పొడుగ్గా ఉండగా మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని పెద్దగా ముట్టుకోలేవు. ముందు నీళ్ళు లోపలికి దూరి గొలుసుని ముక్కలు ముక్కలుగా తెంపాలి, ఆ ముక్కలు బాగా చిన్నవయ్యాకే సూక్ష్మజీవులు తింటాయి. ఆ మొదటి పని, అంటే నీళ్ళు తెంపడం అనేది వేడి మీద ఆధారపడి ఉంటుంది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, అక్కడికి చేరితే పని చకచకా సాగుతుంది, దానికి బాగా కింద ఉంటే నత్తనడకే. డిసెంబర్‌లో బెంగళూరులో ఇడ్లీ పిండి రాత్రి కలిపి పెడితే తెల్లారికి కలిపినంతే ఉంటుంది చూడు, పిండిలో లోపం ఏం లేదు, చలి అంతే. తోటలో చెట్టు నీడన మట్టి పాతిక, ముప్ఫై డిగ్రీల దగ్గర ఉంటుంది, పెల్లెట్‌కి అది ఎప్పుడూ డిసెంబరే.

మరి బయోడీగ్రేడబుల్ అనే సర్టిఫికెట్ దేన్ని బట్టి ఇస్తారు అంటావా, యూరప్ వాళ్ళ ఈఎన్ 13432, అమెరికా వాళ్ళ ఏఎస్టీఎం డీ6400, మన దగ్గర ఐఎస్/ఐఎస్ఓ 17088, ఈ స్టాండర్డ్‌లన్నీ కూడా ఇండస్ట్రియల్ కంపోస్టింగ్ ప్లాంట్‌ని, అంటే చెత్తని పెద్ద ఎత్తున వేడిలో కుళ్ళబెట్టి ఎరువు చేసే చోటుని దృష్టిలో పెట్టుకుని రాసినవే. యూరప్ స్టాండర్డ్ ఏమంటుందంటే, దాదాపు 58 డిగ్రీల వేడిలో, తగినంత తేమా గాలీ ఉన్నచోట 12 వారాల్లో ఆ వస్తువు పొడిపొడి అయిపోవాలి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడితే పైన పది శాతానికి మించి మిగలకూడదు, 6 నెలల్లోపు 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోవాలి. అది కూడా టెస్ట్ చేసిన మందం వరకే వర్తిస్తుంది, సన్న కవరు పాసైతే అదే సరుకుతో చేసిన గట్టి గోళీ పాసైనట్టు కాదు. మామిడి తోటలో వారాల తరబడి 58 డిగ్రీలు ఎక్కడినుంచి వస్తాయి చెప్పు, ఎండాకాలంలో పైపొర మట్టి మధ్యాహ్నం బాగా కాలినా సాయంత్రానికి చల్లబడుతుంది, పైగా ఆ టైంలో తేమ ఉండదు. తేమ ఉన్నప్పుడు వేడి ఉండదు, వేడి ఉన్నప్పుడు తేమ ఉండదు.

అపార్ట్‌మెంట్ కంపోస్ట్ డ్రమ్ములో వేస్తే సరిపోదా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తా. పెద్ద గుట్టగా వేసి సరిగ్గా తిరగేస్తే మధ్యలో కొన్నాళ్ళు 55, 60 దాకా పోతుంది, తర్వాత దిగిపోతుంది. బాల్కనీలో పెట్టుకునే మట్టి కుండల కంపోస్ట్‌లో అంత వేడి నిలవదు. పెల్లెట్లు అందులో వేస్తే ఎరువుతో పాటు మళ్ళీ గులాబీ కుండీలోకే వస్తాయి, వెయ్యొద్దు.

ఇంతకీ నీ దగ్గరున్నవి అసలు పీఎల్ఏ నేనా అన్నది చూడాలి. ఇంట్లోనే చిన్న పరీక్ష చెయ్యొచ్చు. వంటకి వాడని పాత స్టీల్ గ్లాసు ఒకటి తీసుకో, కెటిల్‌లో మరిగిన నీళ్ళు అందులో పోసి నాలుగైదు పెల్లెట్లు వెయ్యి, ఐదు నిమిషాలాగి పాత స్పూన్‌తో తీసి వేడి మీదే గట్టు రాయి మీద పెట్టి స్పూన్ వెనకతో నొక్కు. పీఎల్ఏ అయితే చాలావరకు మెత్తబడి ఎంతో కొంత అణుగుతుంది, గుండ్రం పోతుంది. మామూలు పెల్లెట్లు చేసే పాలీస్టైరీన్, ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌లు మెత్తబడాలంటే 100 డిగ్రీల దాకా పోవాలి, గ్లాసులో పోసిన నీళ్ళు అప్పటికే చల్లారుతూ ఉంటాయి కాబట్టి అవి రాయిలానే ఉంటాయి, స్పూన్ కింద నుంచి జారి వంటింటి మూలకి పరిగెడతాయి. పక్కన పిల్లల బొమ్మ తుపాకీ పసుపు బుల్లెట్ ఒకటి కూడా వేసి చూడు, తేడా తెలుస్తుంది. అయితే మెత్తబడింది కదా అని కరుగుతుందనుకోకు, అది పీఎల్ఏ కావచ్చు అని చెప్తుంది అంతే. కాల్చి వాసన చూసే పరీక్ష మాత్రం వద్దు, పాలీస్టైరీన్ నల్లటి మసి పొగ కక్కుతుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు.

నీళ్ళలో వేస్తే తేలుతుందా మునుగుతుందా అని చూసి చెప్పేస్తాం అంటారు కొందరు, అది పనికిరాదు, ఎందుకో చెప్తా. పెల్లెట్ అడ్డుకొలత 6 మిల్లీమీటర్లకి ఒక వెంట్రుకవాసి తక్కువ, 5.95. ఆ సైజు గోళీ అచ్చంగా పాలీస్టైరీన్‌తో చేస్తే 0.12 గ్రాముల లోపే తూగుతుంది, పిల్లల తుపాకుల్లో వచ్చేవి ఇవే. అచ్చం పీఎల్ఏ అయినా 0.14 దాటదు. మరి నీ పెల్లెట్ 0.20 ఎలా అయింది? రాతిపొడి కలుపుతారు, బేరియం సల్ఫేటో కాల్షియం కార్బనేటో. లెక్క వేసి చూస్తే బరువులో సుమారు సగం ఆ పొడే, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. ఆ బరువుకి ఏ ప్లాస్టిక్‌తో చేసినదైనా మునుగుతుంది, అందుకే ఆ పరీక్ష పనికిరాదు. పొడి వల్ల మట్టికి పెద్ద నష్టమేం లేదులే, కాల్షియం కార్బనేట్ అంటే సున్నపురాయే, బేరియం సల్ఫేట్ నీళ్ళలో కరగదు కాబట్టి పడుంటుంది. కానీ "100%" అని రాసినప్పుడు ఆ నూరులో సగం రాయి అని ఎవరూ చెప్పరు, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మన దేశంలో రూల్ ఏమీ లేదా అంటే ఉంది. ప్లాస్టిక్ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్‌కి 2024లో చేసిన సవరణ ప్రకారం బయోడీగ్రేడబుల్ ప్లాస్టిక్ అని అమ్మాలంటే సీపీసీబీ, అంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి, మైక్రోప్లాస్టిక్ మిగలకుండా విరగాలి, ఎలాంటి చోట, ఎన్ని రోజుల్లో విరుగుతుందో లేబుల్ మీద రాయాలి. నీ ప్యాకెట్ మీద రోజులూ లేవు, చోటూ లేదు, ఆకు బొమ్మ ఒక్కటే ఉంది. అది చాలు దాన్ని మామూలు ప్లాస్టిక్ కింద లెక్కేసుకోవడానికి. ఇంకో రకం కూడా దొరుకుతుంది, మామూలు ప్లాస్టిక్‌లోనే ఏదో మందు కలిపి ఎండకి తొందరగా విరిగేలా చేసి దానికీ ఆకు బొమ్మ పెడతారు, ఆక్సో డీగ్రేడబుల్ అంటారు. అది విరుగుతుంది, నిజమే, పొడిపొడి అవుతుంది, ఆ పొడి ఎక్కడికీ పోదు. యూరోపియన్ యూనియన్ 2021 జులై నుంచి ఆ రకం సరుకునే నిషేధించింది.

2022 జులై 1 నుంచి కేంద్రం నిషేధించిన సింగిల్ యూజ్ లిస్టులో స్ట్రాలు, ఇయర్ బడ్స్ పుల్లలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, బెలూన్ పుల్లలు ఇవన్నీ ఉన్నాయి కానీ ఈ పెల్లెట్లు లేవు. అంటే నువ్వు తోటలో 10,000 గోళీలు చల్లి వచ్చినా ఆ లిస్టు చూపించి ఎవడూ పట్టుకోడు, కొబ్బరి బొండంలో ప్లాస్టిక్ స్ట్రా పెట్టినవాడికి మాత్రం ఫైన్. సరే, మన చట్టాల సంగతి ఇంకోసారి.

10,000 ఊరికే అనలేదు, నీ లెక్కే. కేజీని 0.20తో భాగిస్తే 5,000, రెండు ప్యాకెట్లకి 10,000, నెలకి 20,000. ఏడాదంతా ఆపకుండా ఆడితే 2,40,000 గోళీలు, 48 కేజీలు. ఒకే తోటలో, అదీ నాలుగు చెట్ల మధ్యన.

అక్కడ వాటి గతి ఏమవుతుందో చూద్దాం. నీ పెల్లెట్లు పరీక్షలో మామూలు ప్లాస్టిక్ అని తేలాయనుకో, ఎండ తగిలే చోట పడ్డవి ముందు పసుపుపచ్చగా అవుతాయి, తర్వాత పెళుసవుతాయి, పైన సన్న పగుళ్ళు వస్తాయి, కాలు పడితే పటుక్కున రెండవుతాయి. ఏబీఎస్‌లో రబ్బరు లాంటి భాగం ఒకటి ఉంటుంది, ఎండకి ముందు పాడయ్యేది అదే. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కని మైక్రోప్లాస్టిక్ అంటారు, నీ పెల్లెట్ దాదాపు 6, అంటే ఒక్క చెక్కు ఊడితే చాలు ఆ లిస్టులోకి ఎక్కుతుంది. చవకరకం అయితే చెట్టు మానుకి తగిలిన దెబ్బకే పగిలిపోతుంది, ఆ ముక్కలు ఏరడం ఎవరి వల్లా కాదు. ఇక మట్టిలోకి దిగినవి, అవి పీఎల్ఏ అయినా సరే మామూలువి అయినా సరే, ఎండా లేదు వేడీ లేదు కాబట్టి పెద్దాయనకి దొరికినట్టే నిగనిగలాడుతూ ఉంటాయి. దుక్కికి ట్రాక్టర్ రోటవేటర్ దిగిందంటే అరడుగు లోతుకి కలిసిపోతాయి, ఇక అంతే సంగతులు.

తోటలో నాటుకోళ్ళు ఉన్నాయా? నెమళ్ళు ఆ వైపు ఎలాగూ తిరుగుతాయి. వాటికి పళ్ళుండవు కాబట్టి చిన్న రాళ్ళు ఏరుకుని మింగుతాయి, కందనకాయలో ఆ రాళ్ళే గింజల్ని నూరుతాయి. కందిగింజ కన్నా కాస్త పెద్దగా, తెల్లగా, గుండ్రంగా నేల మీద మెరిసేది కనిపిస్తే ముక్కు పెట్టకుండా ఉంటుందా. ఆవు మేతతో పాటు ఒకటీ రెండూ పోతే పేడలో వచ్చేస్తాయేమో, ఆ పేడ పెంటదిబ్బకి, దిబ్బ మళ్ళీ రాగి చేలోకి.

నీళ్ళ సంగతి ఇంకా ఉంది. 0.20 గ్రాముల పెల్లెట్ నీళ్ళ కన్నా దాదాపు ఒకటీ ముప్పావు రెట్లు బరువు, తేలదు, వాన జోరుకి నేల మీద దొర్లుకుంటూ వంకలోకి పోతుంది, వంక చెరువులోకి. హోసకోట చెరువు దక్షిణ పినాకిని మీదే కదా ఉంది, నందికొండల్లో పుట్టి ఇటొచ్చి, హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యామ్, తర్వాత కృష్ణగిరి, సాత్తనూరు మీదుగా కడలూరు దగ్గర సముద్రంలో కలిసే నది. నీ గోళీ కడలూరు దాకా పోతుందని నేను అనను, చాలావరకు మొదటి చెరువు బురదలోనే ఆగిపోతుంది. కానీ మన వైపు చెరువు పూడిక తీసినప్పుడు రైతులు ఆ మట్టిని బంగారంలా ట్రాక్టర్లకెత్తి పొలాలకి తోలుకుంటారు, దాంతోపాటు అదీ పొలానికి చేరుతుంది. నీకూ పెద్దాయనకీ సంబంధం లేని ఎవరి పొలానికో.

చిన్న గోళీలు ఒకసారి చెల్లాచెదురైతే ఏరడం ఎంత కష్టమో ఈమధ్యే చూశాం. 2025 మే 25న కొచ్చి దగ్గర సముద్రంలో ఎంఎస్సీ ఎల్సా 3 అనే ఓడ మునిగింది, అందులోని ప్లాస్టిక్ ముడిసరుకు గింజలు తిరువనంతపురం తీరం వరకూ కొట్టుకొచ్చాయి, జనం బీచ్‌లో కూర్చుని ఇసుక జల్లెడ పట్టారు. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడ కాలిపోయినప్పుడూ ఇదే కథ. అవి ప్రమాదాలు, కోరి చేసినవి కావు. మీరు డబ్బులు పెట్టి కొని మరీ చల్లుతున్నారు. కోపం తెచ్చుకోకు, అక్కగా అంటున్నా.

అయితే ఆట మానెయ్యాలా? నేనైతే మానెయ్యమని చెప్పను. వారమంతా స్క్రీన్ ముందు కూర్చునే పిల్లలు ఆదివారం పూట చెట్ల మధ్య పరిగెడుతున్నారంటే నాకు సంతోషమే, మాల్‌లో తిరగడం కన్నా నయం. కానీ బయో కదా వదిలేద్దాం అనే మాట మాత్రం వదిలెయ్యండి. ఏరగలిగినన్నే కాల్చండి, ఏరగలిగిన చోటే కాల్చండి. బయో రకమే కొనండి, ఎందుకంటే ఏరగా మిగిలిపోయినవి ఏళ్ళకైనా విరుగుతాయి, పాలీస్టైరీన్ అయితే మీ మనవల కాలానికీ ఉంటుంది. జపాన్‌లో పుట్టిన ఆట ఇది, అక్కడ బయటి ఫీల్డుల్లో చాలాచోట్ల బయో తప్ప వేరేది రానివ్వరు, మంచి రూలే, కానీ అది కనీసం మాత్రమే. కొన్నాక ప్యాకెట్ గాలి చొరకుండా మూసిపెట్టు, తేమకి పీఎల్ఏ కొంచెం ఉబ్బి గన్‌లో ఇరుక్కుంటుంది.

ఎలా తగ్గించాలంటే, అన్నిటికన్నా ముందు ఫుల్ ఆటో, అంటే ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని వరసగా కాల్చడం ఆపెయ్యండి. నిమిషానికి 600 పైనే వదిలే గన్‌తో పొద మీద చల్లుతూ పోతే గురి ఎవడికి కావాలి, సింగిల్ షాట్ రూల్ పెట్టుకుని తలకి 300 గోళీలు అని లెక్క కట్టుకోండి, ఎనిమిది మందికి 2,400, అంటే అరకేజీ లోపే. ఆట కూడా బాగుంటుంది, దాక్కోవాలి, ఆలోచించాలి. రెండోది, తోట మొత్తం తిరగొద్దు, గట్టు ఉన్న ఒక మడి చూసుకుని అందులోనే ఆడండి. నర్సరీలకి అమ్మే షేడ్ నెట్ మీటర్ల లెక్కన హోసకోటలోనే దొరుకుతుంది, కాల్చే దిక్కులో రెండు మూడు చోట్ల కర్రలకి వదులుగా కట్టి కింది అంచుని జోలెలా మడవండి, తగిలిన గోళీ దబ్బున జోలెలో పడుతుంది. బిగించి కడితే తిరిగొచ్చి కొడుతుంది, వదులుగానే ఉండాలి. గోళీలు లోడ్ చేసే చోట ఒక టార్పాలిన్ పట్టా తప్పకుండా వెయ్యండి, మ్యాగజైన్ నింపేటప్పుడు చేతిలోంచి ఒలికిపోయేవే ఎన్నో ఉంటాయి, ఎవరూ గమనించరు. రంగు తెలుపే తీసుకోండి, ఎర్రమట్టి మీద దూరం నుంచి కనపడుతుంది, గోధుమ రంగు, ఆకుపచ్చ అస్సలు వద్దు. ఏరినవి మళ్ళీ గన్‌లో పెట్టొద్దు, ఇసుక అంటుకుని బ్యారెల్ గీసుకుపోతుంది.

వెళ్ళేటప్పుడు కిచెన్ స్కేల్ ఒకటి పట్టుకెళ్ళండి. 200 గ్రాములంటే 1,000 గోళీలు, ఒక్కొక్కటీ లెక్కపెట్టే పనిలేదు. పొద్దున ఎంత తెచ్చారు, సాయంత్రం మిగిలిందీ ఏరిందీ కలిపి ఎంత తూగింది, తేడా ఎంత, ఇది మీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మూడోసారికే ఎవడు పొదల్లోకి ఊరికే చల్లుతున్నాడో తెలిసిపోతుంది. పూత, పిందె టైంలో, అంటే జనవరి నుంచి కాయ దింపేదాకా ఆ తోటలో ఆట పెట్టుకోకండి, పూత గుత్తికి గోళీ తగిలితే రాలేది ఆయన డబ్బు.

ఇక ఆల్రెడీ పడ్డవి. అంతా ఏరలేరు, ముందే ఒప్పుకో. కానీ అవి తోటంతా సమానంగా ఉండవు, మీరు దాక్కునే చెట్ల మొదళ్ళ దగ్గర, గట్టు వాలులో, కాల్చే వైపు పొదల కింద కుప్పపడి ఉంటాయి, ముందు అవి పట్టుకోండి. నేల బాగా ఆరి ఉన్నప్పుడు వెళ్ళాలి, తడి ఎర్రమట్టి ముద్దకట్టి జల్లెడలోంచి దిగదు. పైన ఆకులు పక్కకి తీసి, పారతో రెండంగుళాల మట్టి గీకి 5 మిల్లీమీటర్ల కన్నం ఉన్న జల్లెడ పట్టండి, మేస్త్రీలు ఇసుక జల్లించే దానిలో ఆ సైజు అడిగితే ఇస్తారు, మట్టి కిందకి పోతుంది, గోళీ, రాళ్ళు పైన ఆగుతాయి. దిగిన మట్టి ఎక్కడిది అక్కడే పోసి ఆకులు మళ్ళీ కప్పండి. లోతుగా తవ్వొద్దు, పాదులో మామిడి పిల్లవేళ్ళు పైపైనే ఉంటాయి, గోళీలు తీద్దామని పోయి చెట్టుకి చేటు చేస్తారు. తొలకరి పడ్డాక ఇంకోసారి పోవాలి, వాన మట్టిని కడిగి గోళీల్ని పైన వదిలేస్తుంది, ఎర్రనేల మీద తెల్లగా కనపడతాయి, ఆ రెండు మూడు రోజుల్లో ఏరితే ఏరినట్టు, తర్వాత దుక్కి పడుతుంది. దుక్కి ఎప్పుడో పెద్దాయన్ని ముందే అడిగి దాన్ని బట్టి ప్లాన్ చేసుకోండి. ఊరి పిల్లలకి పదో పరకో ఇచ్చి ఏరించాలన్న ఐడియా ఎవడికైనా వస్తుంది, వద్దు, మీరే వంగండి. మడి నుంచి నీళ్ళు బయటికి పోయే చోట కూడా ఒక షేడ్ నెట్ ముక్క రాళ్ళతో బిగించి పెడితే వానకి దొర్లేవి అక్కడ ఆగుతాయి, ప్రతి వాన తర్వాత చూసి చెత్త తీసెయ్యాలి, లేకపోతే నీళ్ళు నిలిచి ఆయన తిడతారు.

ఏరినవాటిని ఖాళీ నీళ్ళ బాటిల్‌లో నింపి మూత బిగించి, అపార్ట్‌మెంట్‌లో పొడి చెత్త బ్యాగులో వెయ్యి, తడి చెత్త గ్రీన్ బిన్‌లో కాదు, బయో అని రాసున్నా సరే. రీసైకిల్ అవుతాయని ఆశ పెట్టుకోకు, ఇంత చిన్నవి, రాతిపొడి కలిపినవి ఎవరూ తీసుకోరు, ఇలాంటివి మామూలుగా సిమెంట్ ఫ్యాక్టరీ కొలిమికి పోతాయి. మట్టిలో ఉండటం కన్నా అదే నయం. తోటలో మంట పెట్టి కాల్చెయ్యడం మాత్రం చెయ్యకండి.

జెల్ బాల్స్ వద్దు. నీళ్ళలో వేస్తే ఉబ్బుతాయి, నేల మీద పడి ఎండితే మళ్ళీ ఇసుక రేణువంత అయిపోయి కంటికి కనపడవు, దాన్ని చూసి మాయమైపోయాయి అంటారు, అదీ ప్లాస్టిక్ లాంటి పాలిమరే, అక్కడే ఉంటుంది, ఇంకా ఏరడానికి కూడా వీల్లేకుండా. పైగా చిన్నపిల్లలు మింగితే పేగులో ఉబ్బి అడ్డం పడతాయి, అమెరికాలో ఇలాగే నీళ్ళలో ఉబ్బే పూసలు మింగి పిల్లలు ఆపరేషన్ల దాకా పోతే 2023 డిసెంబర్‌లో అక్కడి పెద్ద పెద్ద షాపులు పిల్లలకి అమ్మడం ఆపేశాయి. తోటలో పనివాళ్ళ పిల్లలు తిరుగుతుంటారు కదా.

పెద్దాయనకి ఏం చెప్పాలి అన్నావు. ఉన్నదున్నట్టు చెప్పండి, ఫోన్‌లో కాదు, వెళ్ళి. "పెదనాన్నా, ప్యాకెట్ మీద చూసి చెప్పాం, అది ఇక్కడ కుదరదట, ఏళ్ళు పడుతుందట" అని, కంపెనీ వాడి మీద తోసెయ్యకుండా చెప్పండి, ఎందుకంటే ఆయనకి మాటిచ్చింది కంపెనీ కాదు మీరు. చెప్పడానికి వెళ్ళేటప్పుడే జల్లెడ, పార తీసుకెళ్ళండి, ఆరోజు ఆట పెట్టుకోవద్దు, గన్లు ఇంట్లోనే వదిలి వెళ్ళండి. ఆయన ముందు ఒక పాదు జల్లెడ పట్టి ఎన్ని వచ్చాయో చూపించాక అప్పుడు అడగండి, ఇకమీద ఈ ఒక్క మడిలో, వల కట్టుకుని, సాయంత్రం తూకం వేసి మీకు చూపించి వెళ్తాం, ఒప్పుకుంటారా అని. రైతు మనుషులు నిజం చెప్తే మెత్తబడతారు, అయినా మట్టి ఆయనది, వద్దన్నారంటే ఇంక బతిమాలొద్దు, ఫ్రెండ్‌తో రికమెండ్ చేయించొద్దు. పాతవి ఏరే పని మాత్రం ఆయన వద్దన్నా మీదే, తొలకరికి ఇంకోసారి వెళ్ళాల్సిందే. ఆట సంగతంటారా, సిటీలో లేజర్ ట్యాగ్ ఉంది, గోళీలే లేవు. గురి సరదా తీరాలంటే పెద్ద అట్టపెట్టెలో పాత దుప్పటి వేలాడదీసి దానిముందు టార్గెట్ పేపర్ పెట్టుకోండి, పడ్డ గోళీ పెట్టెలోనే ఉంటుంది, కళ్ళకి రక్షణ కళ్ళజోడు పెట్టుకోవడం మర్చిపోవద్దు.